పక్కవాడి యాడ్లకి మనం రాసే చిట్టా

పోటీదారుడి యాడ్ ఫోన్లో కనిపించగానే చాలామంది వ్యాపారులు చేసే పని ఒకటుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి డిజైనరుకి వాట్సాప్ చేస్తారు. ‘మనకీ ఇలాంటిదే కావాలి, రేపటికల్లా’ అంటారు. ఆ యాడ్ నిన్ననే మొదలైందో, ఆర్నెల్లుగా నడుస్తోందో చూడరు. అది వాళ్లకి ఆర్డర్లు తెస్తోందో, డబ్బు తినేసి రేపో మాపో ఆగిపోబోతోందో ఆలోచించరు. ఎదుటివాడి ప్రయోగం ఫలితం తేలకముందే అదే ప్రయోగాన్ని సొంత ఖర్చుతో మొదలుపెడతారు.

ఒక్క యాడ్ చూస్తే పోటీదారుడు ఏం అనుకుంటున్నాడో తెలుస్తుంది. ఏడాది పాటు వచ్చిన యాడ్లు వరసగా చూస్తే అతనికి ఏం తెలిసొచ్చిందో తెలుస్తుంది. మనకి కావలసింది ఆ రెండోది.

ఈ పని ఇంటర్నెట్‌తో పుట్టలేదు. యాడ్ ఏజెన్సీల్లో గార్డ్ బుక్ అని పెద్ద పుస్తకం ఉండేది. అచ్చయిన ప్రతి ప్రకటననూ కత్తిరించి, తారీఖు వేసి అందులో అంటించేవారు. అమెరికాలో పోస్టు ద్వారా సరుకు అమ్మే కంపెనీలు ప్రకటన కింద కూపన్ పెట్టి, ఏ పత్రికలోంచి ఎన్ని కూపన్లు తిరిగొచ్చాయో లెక్క కట్టేవి. 1923లో క్లాడ్ హాప్కిన్స్ రాసిన ‘సైంటిఫిక్ అడ్వర్టయిజింగ్’ పుస్తకానికి పునాది ఈ లెక్కలే. మ్యాక్స్‌వెల్ సాక్‌హైమ్ అనే రచయిత ఒక ఇంగ్లిషు కోర్సు కోసం రాసిన కూపన్ ప్రకటన దాదాపు 40 ఏళ్లు పత్రికల్లో వస్తూనే ఉంది. కూపన్లు లెక్కపెట్టుకునే కంపెనీ నష్టమొచ్చే ప్రకటనకి అన్నేళ్లు డబ్బు కట్టదు. అందుకే ఆ రంగంలో అనుభవజ్ఞులు పోటీదారుడి ప్రకటన ఎంత అందంగా ఉందని చూసేవారు కాదు, మళ్లీ వచ్చిందా లేదా అని చూసేవారు. మన చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఆ పనినే సులువు చేసింది. అయితే పూర్తిగా చెయ్యలేదు. ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకోవడం ముఖ్యం.

మొదట మెటా యాడ్ లైబ్రరీ. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ప్రస్తుతం నడుస్తున్న ఏ యాడ్‌నైనా ఎవరైనా చూడగలిగే ఉచిత వెబ్‌సైటు ఇది. లాగిన్ కూడా అక్కర్లేదు. 2018లో రాజకీయ ప్రకటనల కోసం మొదలై, 2019లో అన్ని రకాల యాడ్లకీ విస్తరించింది. దేశం ఎంచుకుని, ‘అన్ని యాడ్లు’ అన్నది నొక్కి, పోటీదారుడి పేజీ పేరు కొడితే ఈ క్షణాన వాళ్లు నడుపుతున్న యాడ్లన్నీ వచ్చేస్తాయి. ప్రతి దాని మీదా ఒక లైబ్రరీ ఐడీ నంబరు, మొదలైన తేదీ, ఏయే చోట్ల కనిపిస్తోందో గుర్తులు ఉంటాయి. ఒకే బొమ్మ, ఒకే మాటలతో ఎన్ని యాడ్లు నడుస్తున్నాయో కూడా చెబుతుంది. ఈ చివరి సంఖ్యని చాలామంది పట్టించుకోరు. ఒకే వీడియోని అయిదారు యాడ్లుగా పెట్టారంటే దాని మీద వాళ్లకి నమ్మకం కుదిరి, వేరువేరు జనానికి చూపిస్తున్నారని అనుకోవచ్చు.

ఇక్కడే ఒక లోటు ఉంది. మన దేశంలో మామూలు వ్యాపార యాడ్ ఆగిపోయిన మరుక్షణం ఆ లైబ్రరీలోంచి మాయమవుతుంది. రాజకీయ, సామాజిక అంశాల ప్రకటనలనైతే 7 ఏళ్లు దాచిపెడతారు. వాటికి ఎంత ఖర్చయింది, ఎంతమందికి కనిపించాయి అన్నది కూడా సుమారుగా చూపిస్తారు. కావాలంటే 2024 మేలో ఆంధ్రప్రదేశ్ ఎన్నికలకి ముందు నడిచిన ప్రకటనలు తెరిచి చూడండి. ఏ వారం ఏ మాట ఎత్తుకున్నారు, ఏది వదిలేశారు, పోలింగు దగ్గరపడేకొద్దీ ఖర్చు ఎలా పెరిగింది అన్నది తేదీలవారీగా కనిపిస్తుంది. యాడ్ చరిత్ర చదవడం సాధన చెయ్యడానికి అంతకన్నా మంచి చోటు లేదు. చీరల కొట్టు యాడ్‌కీ, పచ్చళ్ల కంపెనీ యాడ్‌కీ ఆ భాగ్యం లేదు. అది ఆగిందంటే అసలు ఉండేదన్న ఆనవాలే ఉండదు.

ఆగిపోయిన యాడే మనకి ఎక్కువ నేర్పేది. నడుస్తున్నది ఎవరైనా చూడగలరు. వారం నడిపి ఆపేసిన దాని గురించి మాత్రం, అది నడుస్తున్నప్పుడు రాసిపెట్టుకున్నవాడికే తెలుస్తుంది. అందుకని ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ ఉన్నా మన చిట్టా మనం రాసుకోవాల్సిందే.

దీనికి పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. గూగుల్ షీటు ఒకటి చాలు. వారంలో ఒక రోజు, ఉదాహరణకి సోమవారం పొద్దున కొట్టు తెరవకముందు, ముగ్గురు నలుగురు పోటీదారుల పేజీలు తెరవండి. పదిమందిని పెట్టుకుంటే నెల తిరక్కుండా మానేస్తారు. ప్రతి కొత్త యాడ్‌కీ ఒక వరస కేటాయించండి. చూసిన తేదీ, లైబ్రరీ చెప్పిన మొదలు తేదీ, మొదటి వాక్యం, వీడియో అయితే మొదటి దృశ్యం, ధర చెప్పారా లేదా, నొక్కితే ఎక్కడికి తీసుకెళ్తోంది, ఎన్ని వెర్షన్లు అన్నవి రాయండి. స్క్రీన్‌షాట్ తీసి అదే తేదీ పేరుతో దాచండి. మరుసటి సోమవారం పాత వరసలన్నీ చూసుకుంటూ, కనిపించని యాడ్ ఎదురుగా ‘ఆగింది’ అని రాయండి. ఆ ఒక్క మాట మన దేశంలో ఆ లైబ్రరీ మీకు ఇవ్వదు.

లైబ్రరీ ఐడీని మాత్రమే నమ్ముకోకండి. అదే వీడియోని ఆపి, కాపీ చేసి మళ్లీ మొదలుపెడితే కొత్త నంబరు, కొత్త తేదీ వస్తాయి. ఏడాదిగా నడుస్తున్న యాడ్ నిన్న పుట్టినట్టు కనిపిస్తుంది. మొదటి వాక్యం, మొదటి దృశ్యం రాసుకోమన్నది ఇందుకే. తారీఖు మారినా మొహం గుర్తుపట్టగలరు.

మన దగ్గర మరో వరస తప్పనిసరి. ఇంగ్లిషు తేదీ పక్కన తెలుగు నెల, దగ్గర్లో ఉన్న పండగ రాయాలి. బట్టల వ్యాపారం ఆషాఢం తగ్గింపుల మీద, శ్రావణం పెళ్లిళ్ల మీద, దసరా మీద నడుస్తుంది. ఆ నెలలు ఇంగ్లిషు క్యాలెండరులో ఏటా కదులుతాయి. 2023లో అధిక శ్రావణం వచ్చింది. అసలైన శ్రావణం ఆగస్టు 17న మొదలైంది. 2025లో అదే శ్రావణం జూలై 25నే వచ్చేసింది. ఈ సంగతి తెలియని సాఫ్ట్‌వేర్ ఆ రెండేళ్ల జూలై నెలల్ని పక్కపక్కన పెట్టి గ్రాఫు గీస్తే, పోటీదారుడు వ్యూహం మార్చాడని అనిపిస్తుంది. అతను మార్చింది ఏమీ లేదు, పంచాంగం కదిలిందంతే. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి ఆషాఢం జూలై సగానికి జరిగింది. జూన్ చివర్లోనే తగ్గింపుల యాడ్లు కనబడలేదని పోటీదారుడు చల్లబడ్డాడనుకుంటే పొరపాటే. పండగని బట్టి లెక్క వేస్తే, శ్రావణానికి ఎన్ని రోజుల ముందు అతను యాడ్లు దింపుతాడో రెండేళ్లలో ఇట్టే తేలిపోతుంది. మీ బడ్జెట్టు ఎప్పుడు తియ్యాలో చెప్పేది ఆ సంఖ్యే.

ఇప్పుడు చిట్టాలో ఒక పేజీ ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. మీది భీమవరంలో పచ్చళ్ల వ్యాపారం అనుకోండి. రాజమండ్రిలో మీలాంటివాళ్లే ఒకరు అమెరికాకి పచ్చళ్లు పంపుతున్నారు. మీ సోమవారాల చిట్టాలో ఇలా ఉంది. మార్చి 10: కొత్తావకాయ ముందస్తు బుకింగు వీడియో, పెద్దావిడ చెయ్యి ఆవపిండి కలుపుతోంది, ధర లేదు, దేశాన్ని అమెరికాగా పెట్టినప్పుడే కనిపిస్తోంది. మార్చి 17: ఆ వీడియో ఉంది, కొత్తగా మరో మూడు. ఒకదాంట్లో డల్లాస్‌లో ఉండే కస్టమరు మాట్లాడుతోంది. ఒకదాంట్లో మావిడికాయలు కత్తిపీట మీద కొడుతున్నారు. మూడోది ఒట్టి బొమ్మ, కిలో ఆవకాయ కొరియరుతో కలిపి ఇంత అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఏప్రిల్ 7: పెద్దావిడ వీడియో ఆగింది, కత్తిపీట వీడియో ఆగింది, ధర బొమ్మ రెండు వెర్షన్లయింది. మే 5: ధర బొమ్మే నాలుగు వెర్షన్లు, డల్లాస్ కస్టమరు ఇంకా ఉంది. జూన్ 2: ఆవకాయవన్నీ ఆగాయి, పొడుల యాడ్ మొదలైంది.

ఆ పేజీ ఏం చెబుతోంది? చూడముచ్చటైన వీడియోలు నెల తిరక్కుండా పోయాయి. అందం లేని ధర బొమ్మ నిలబడింది. అమెరికాలో ఉన్నవాళ్లకి ఆవకాయ ఎలా పెడతారో తెలియక కాదు ఆర్డరు చెయ్యనిది, కొరియరు కలిపితే మొత్తం ఎంతవుతుందో తెలియక ఆగిపోతున్నారేమో. ఇది ఊహే. అది నిలబడుతుందో లేదో తేలేది తర్వాతి ఏడాది మార్చిలో. అప్పుడు ఆ రాజమండ్రివాళ్లు మళ్లీ పెద్దావిడ వీడియోతోనే మొదలుపెడితే మీ ఊహ బలహీనమైంది. మొదటి వారం నుంచే మొత్తం ధర చెప్పే యాడ్‌తో వస్తే, పోయిన ఏడాది వాళ్లు కట్టిన ఫీజుతో మీరు కూడా ఒక పాఠం నేర్చుకున్నట్టు. చిట్టాకి రెండో ఏడాదిలో విలువ పెరిగేది అందుకే.

వెతకడంలో మనకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. పేజీ పేరుతోనే కాకుండా మాటలతోనూ వెతకాలి, ఎందుకంటే మీరు పేరు వినని పోటీదారులు అలాగే దొరుకుతారు. ఆవకాయని తెలుగు లిపిలో కొట్టండి, ఇంగ్లిషు అక్షరాల్లో రెండు మూడు స్పెల్లింగులతో కొట్టండి, పికిల్స్ అనీ కొట్టండి. ఒక్కోదానికి ఒక్కో గుంపు బయటపడుతుంది. బొమ్మ మీదా, వీడియోలోపలా ఉన్న మాట ఈ వెతుకులాటకి అందదని లెక్కేసుకోండి. దేశం కూడా మార్చి చూడండి. ప్రవాసాంధ్రులకి మాత్రమే చూపించే యాడ్ ఇండియా ఎంచుకుంటే కనిపించకపోవచ్చు.

దేశాల సంగతి వచ్చింది కాబట్టి అంతగా వాడుకలో లేని దారి ఒకటి చెబుతాను. యూరోపియన్ యూనియన్ తెచ్చిన డిజిటల్ సేవల చట్టం వల్ల, 2023 ఆగస్టు నుంచి అక్కడి దేశాల్లో కనిపించిన యాడ్లని ఆగిపోయాక కూడా ఏడాది పాటు లైబ్రరీలో ఉంచుతున్నారు. ఎంతమందికి చేరింది, ఏ వయసువాళ్లకి చేరింది, డబ్బు ఎవరు కట్టారు అన్నది కూడా కనిపిస్తుంది. జర్మనీలోనో ఐర్లండ్‌లోనో ఉన్న తెలుగువాళ్లకి మీ పోటీదారుడు యాడ్ చూపించి ఉంటే, ఇండియాలో మాయమైన చరిత్ర అక్కడ దొరికే అవకాశం ఉంది. విదేశాలకి సరుకు పంపే ప్రతి వ్యాపారీ ఈ తలుపు ఒకసారి తట్టి చూడాలి.

గూగుల్, యూట్యూబ్ యాడ్లకి వేరే చోటు ఉంది. 2023 మార్చిలో గూగుల్ యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్ తెరిచింది. ధ్రువీకరణ పొందిన ప్రకటనదారుల యాడ్లు అందులో ఉంటాయి. ఇక్కడ కొట్టు పేరుతో వెతికి దొరకలేదని వదిలేసేవాళ్లు ఎక్కువ. బోర్డు మీద ఒక పేరు, కాగితాల్లో యజమాని పేరుతో మరొకటి ఉండటం మన దగ్గర మామూలే కదా. వెబ్‌సైటు అడ్రసుతో వెతకండి, దొరుకుతుంది. యాడ్ చివరిసారి ఎప్పుడు కనిపించిందో చూపిస్తుంది కాబట్టి ఆగిన వాటి ఆచూకీ కొంత తెలుస్తుంది. ఏ మాట వెతికితే ఆ యాడ్ వచ్చిందో మాత్రం చెప్పదు.

అది చెప్పేవి డబ్బు కట్టే పరికరాలు. సెమ్‌రష్, స్పైఫూ లాంటివి లక్షల కొద్దీ కీవర్డులని తరచూ వెతికి చూసి, ఏ నెలలో ఏ కంపెనీ ఏ కీవర్డుకి ఏ యాడ్ పెట్టిందో వరసగా చూపిస్తాయి. నెలలు అడ్డంగా, కీవర్డులు నిలువుగా ఉన్న ఆ పట్టికలో ఖాళీ గడులు కూడా మాట్లాడతాయి. కానీ అవి చెప్పేది నమూనా చూసి వేసిన అంచనా. అమెరికా మార్కెట్టులో పెద్ద కంపెనీల మీద బాగానే పనిచేస్తాయి. తాడేపల్లిగూడెంలో ఫర్నిచరు కొట్టు గురించి అడిగితే చేతులెత్తేస్తాయి. ముందు ఉచిత ట్రయల్ తీసుకుని, మీ ఊళ్లో మీకు బాగా తెలిసిన ఇద్దరు పోటీదారుల పేర్లు కొట్టి చూడండి. మీకు తెలిసిన సంగతే అందులో లేకపోతే, తెలియనిది చెబుతుందని డబ్బు కట్టడం దండగ.

ఇంకో సంగతి, పరికరాలు శాశ్వతం కావు. బ్యానరు యాడ్లు వెతికి చూడటానికి ఒకప్పుడు చాలామంది మోట్ అనే సర్వీసుని ఆశ్రయించేవారు. 2017లో ఒరాకిల్ దాన్ని కొన్నది. 2024 సెప్టెంబరులో ప్రకటనల వ్యాపారాన్నే మూసేసింది. చందా కట్టి చూసేదేదైనా, పనికొచ్చేది కనిపించిన రోజే మీ షీటులోకి దించుకోండి.

యాడ్ సగం కథే. నొక్కితే తెరుచుకునే పేజీలో ధర, కొరియరు చార్జీ, వాపసు షరతులు ఉంటాయి. యాడ్ అదే ఉంచి పేజీలో ధర మార్చేవాళ్లున్నారు. పాత పేజీల కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషిన్ చూడండి. 1996 నుంచీ వెబ్ పేజీల నకళ్లు దాస్తున్న సంస్థ అది. చిన్న వ్యాపారాల పేజీలు అందులో ఒకటీ అరా మించి ఉండవు. కాబట్టి ఎదురుచూడకుండా, ‘సేవ్ పేజ్ నౌ’ అన్న చోట పోటీదారుడి పేజీ అడ్రసు పెట్టి ఇవాళ్టి నకలు మీరే దాయించండి. పేజీలో మార్పు జరిగితే మెయిలు పంపే విజువల్‌పింగ్, డిస్టిల్ లాంటివీ ఉన్నాయి. ధర ఉన్న పేజీ ఒక్కదానికి పెట్టుకుంటే చాలు. అన్నిటికీ పెడితే మెయిళ్ల వరదలో అసలుది కొట్టుకుపోతుంది.

పేపరు జిల్లా ఎడిషన్‌లో వచ్చే ప్రకటనలు, పేపరు మడతలో వచ్చే కరపత్రాలు, ఫ్లెక్సీలు, ఆటో మైకు ప్రచారం ఏ సాఫ్ట్‌వేర్‌కీ అందవు. ఫోటో తీసి అదే షీటులో రాయండి.

ఎక్కువ రోజులు నడిచిన యాడ్ లాభం తెస్తోందన్నది బలమైన సూచనే తప్ప రుజువు కాదు. రోజుకి వందా రెండొందలు పెట్టి మరిచిపోయిన యాడ్ కూడా నెలల తరబడి నడుస్తుంది. ఒకసారి వెబ్‌సైటుకి వచ్చి వెళ్లినవాళ్లకే మళ్లీ చూపించే యాడ్ కొత్తవాళ్లకి పనికిరాకపోవచ్చు. పెట్టుబడిదారుల సొమ్ముతో నడిచే కంపెనీ నష్టానికి కూడా ఏడాది ఆగకుండా కుమ్మరించగలదు, మీరు కుమ్మరించలేరు. వ్యాపార యాడ్లకి ఇండియాలో ఖర్చు చూపించరు కాబట్టి దీన్ని వేరే సాక్ష్యాలతో సరిచూసుకోవాలి. రోజులు పెరిగాయా, వెర్షన్లు పెరిగాయా, పేజీని దానికి తగ్గట్టు మార్చారా, మరుసటి సీజనులో మళ్లీ తెచ్చారా? ఇందులో మూడైనా కుదిరినప్పుడే మీ డబ్బు కదిలించండి.

కదిలించడమంటే కాపీ కొట్టడం కాదు. వాళ్ల ఫోటో, వీడియో, రాసిన మాటలు కాపీరైటు చట్టం పరిధిలోకి వస్తాయి. పోటీదారుడి బ్రాండు పేరుని గూగుల్‌లో కీవర్డుగా పెట్టుకోవడం దానంతటదే ఉల్లంఘన కాదని, కొనేవాళ్లని పొరబడేలా చేస్తే మాత్రం అవుతుందని ఢిల్లీ హైకోర్టు 2023 ఆగస్టులో చెప్పింది. ఆ గీత సన్ననిది, లాయరుని అడక్కుండా దాటకండి. వాళ్ల యాడ్ మీద పదేపదే నొక్కి డబ్బు వదిలించాలనుకోవడం నీచమైన పని. అలాంటి క్లిక్కులని గూగుల్ ఏరి పారేస్తుంది కూడా.

నా లెక్కలో చిట్టాకి అసలు ఉపయోగం వేరే ఉంది. మూణ్నెల్లకోసారి అన్ని వరసలూ ఒకేసారి చదవండి, ఎవరూ చెప్పని మాట ఏమిటో వెతకండి. పచ్చళ్ల యాడ్లన్నీ అమ్మ చేతి రుచి అంటాయి. ఏ నూనె వాడారు, సీసా దారిలో కారకుండా ఎలా కడతారు, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది అన్నది ఎంతమంది చెబుతున్నారో మీ షీటులో లెక్కపెట్టండి. ఆ వరస ఖాళీగా ఉందంటే రెండు అర్థాలు. జనానికి అక్కర్లేని మాటైనా అయ్యుండాలి, ఇంతవరకూ ఎవరూ ప్రయత్నించనిదైనా అయ్యుండాలి. ఏడాది చిట్టా ఉంటే ఎవరైనా ప్రయత్నించి ఆపేశారో లేదో మీకు తెలుస్తుంది. ప్రయత్నించలేదని తేలితే చిన్న మొత్తంతో రెండు వారాలు మీరే నడిపి చూడండి.

అది నడపడానికి ముందు యాడ్ లైబ్రరీలో మీ పేజీ పేరు కొట్టి చూసుకోండి. పేజీ ఎప్పుడు మొదలుపెట్టారు, ఎన్నిసార్లు పేరు మార్చారు అన్నది పేజీ వివరాల్లో అందరికీ కనిపిస్తుంది. మీ యాడ్ ఎప్పుడు మొదలైందో, ఎన్ని వెర్షన్లు చేశారో రాజమండ్రివాళ్లు సోమవారం పొద్దున చూడగలరు. ఐర్లండ్‌లో నడిపితే ఎంతమందికి చేరిందో కూడా ఏడాది పాటు చూస్తారు. కాబట్టి సీజనుకి ముందు చేసే ప్రయోగాలు చిన్నవిగా, వేరువేరు దేశాల్లో చేసుకోండి. గట్టి మాటని బుకింగు తెరిచే రోజు వరకూ దాచిపెట్టండి.